మూడు కన్నాల బిళ్ల వెంట, జగిత్యాల నుంచి సిరిసిల్ల దాకా

ఎందుకు వెళ్లానంటే

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల చూడటానికి బాపట్ల నుంచి ఎవరూ పనిగట్టుకుని వెళ్లరు. అందులోనూ తెలంగాణ కోసం సకల జనుల సమ్మె జరుగుతూ బస్సు చక్రం తిరగని రోజుల్లో, అరవై ఆరేళ్ల మనిషి అసలే వెళ్లడు. ఈ మాటే మా ఆవిడ మూడు రోజులు మూడు రకాలుగా చెప్పింది. నేను వెళ్లాను. వెళ్లకపోతే నా పుస్తకంలో ఏడో అధ్యాయానికి కాళ్లు ఉండవు.

పుస్తకం సంగతి ముందు చెప్పాలి. పోటీల్లో కాల్చే రైఫిల్‌కి వెనకవైపు, కంటికి దగ్గరగా, చిన్న కన్నం ఉన్న బిళ్ల ఒకటి ఉంటుంది. మామూలు తుపాకికి ఆ చోట గాడి ఉంటుంది. గాడిలోంచి గురి చూసేవాడు గాడినీ, గొట్టం చివర పుల్లనీ, దూరాన ఉన్న నల్లచుక్కనీ ఒకేసారి చూడాలి. మనిషి కంటికి అది చేతకాని పని. బిళ్ల ఉన్నవాడికి ఆ బాధ లేదు. కన్నాన్ని చూడకూడదు, కన్నంలోంచి చూడాలి. కన్ను తనంతట తనే నడిమధ్యకి వచ్చి కూర్చుంటుంది. ఇంత చిన్న కన్నం వెనక వందల ఏళ్ల కథ ఉందనీ, తెలుగులో దాని గురించి ఒక్క ముక్క కూడా లేదనీ తెలిసినప్పుడు నాకు ఒళ్లు మండింది. నేను ఎస్సెల్సీ తప్పిన టైపిస్టుని. డిక్షనరీ పక్కన పెట్టుకుని, పాత తుపాకుల కేటలాగులు చదివి ఇంగ్లీషు నేర్చుకున్నాను. నలభై రెండేళ్లలో నాలుగు నోటుబుక్కులు నింపాను. మా ఊరి ప్రెస్సాయన దసరా వెళ్లగానే అచ్చు మొదలుపెడతానన్నాడు.

ఇక ఏడో అధ్యాయం. అరవై తొమ్మిది తెలంగాణ గొడవలకి కొద్దిగా ముందు నేను జగిత్యాలలో ఒక ఆఫీసులో పనిచేసేవాణ్ణి. ఊళ్లో చిన్న రైఫిల్ క్లబ్బు ఉండేది. ఒకసారి పోటీ పెట్టారు. యాభై గజాలు, పది తూటాలు. నాకు వందకి తొంభై ఒకటి వచ్చింది. సిరిసిల్ల నుంచి వచ్చిన రాజమల్లు అనే నేతపనివాడికి తొంభై ఏడు. అనుమానం వచ్చి వెళ్లి చూస్తే, అతని తుపాకి గాడి వెనక ఇత్తడి బిళ్ల అతికించి ఉంది. బిళ్లకి మూడు కన్నాలు: నడుమ పెద్దది, పైన ఒకటీ కింద ఒకటీ చిన్నవి. క్లబ్బు ఇచ్చిన గురి తప్ప మరొకటి వాడకూడదని నియమం. నేను అర్జీ టైపు చేసి మూడు కాపీలు ఇచ్చాను. సెక్రటరీ రాజమల్లుని పిలిచి, "ఇది ఎవర్నడిగి తెచ్చావ్?" అన్నాడు. రాజమల్లు తల దించుకున్నాడు. మళ్లీ అడిగాడు. తల ఇంకాస్త దిగింది. కప్పు నాకిచ్చారు. బిళ్లని ఊడదీసి, అర్జీతోపాటు ఫైల్లో పెట్టమని నా చేతికే ఇచ్చారు. ఈలోగా గొడవలు మొదలై, ఆఫీసుకి తాళం పడి, నేను సంచి సర్దుకుని ఇంటికి వచ్చేశాను. ఫైలు అక్కడే ఉండిపోయింది. బిళ్ల మాత్రం నా జేబులో వచ్చింది.

ఆ తల ఎందుకు దించుకున్నాడన్నది నేను నలభై రెండేళ్లు ఆలోచించి తేల్చాను. బిళ్ల విదేశీ తయారీ. దొడ్డిదారిన వచ్చింది కాబట్టే అతను నోరు విప్పలేదు. నడిమి కన్నం ఉదయపు వెలుగుకి, పై కన్నం మిట్టమధ్యాహ్నానికి, కింది కన్నం సాయంత్రపు ఎదురెండకి. ఏ కేటలాగులోనూ ఇలాంటిది లేదు కాబట్టి, చరిత్రలో తప్పిపోయిన ఒక మెట్టు నా జేబులో ఉందన్నమాట. ఇదే ఏడో అధ్యాయం, ముప్ఫై ఎనిమిది పేజీలు. రాజమల్లు చేత "అవును, ఇది విదేశీ బిళ్లే" అని ఒక సంతకం పెట్టించుకుంటే చాలు. ఆ కాగితం కూడా టైపు చేసుకుని బయల్దేరాను.

జగిత్యాల: నడిరోడ్డు మీద భోజనం

ఎలా చేరానని అడక్కండి. రెండు జీపులు, ఒక పాలవ్యాను. చివరి వ్యాను ఊరి మొదట్లోనే ఆగిపోయింది. రోడ్డుకి అడ్డంగా పొయ్యిలు పెట్టి, ఆడా మగా వంట చేస్తున్నారు. ఉద్యమంలో దీన్ని వంటావార్పు అంటారు. మా వైపు రోడ్డు మూయాలంటే టైర్లు తగలబెడతారు. వీళ్లు పప్పు వండుతారు. ఏ పద్ధతి మంచిదో ఆకలితో ఉన్నవాడు చెప్పాలి.

ఒకావిడ గరిటెతోనే నన్ను ఆపింది.

"పెద్దాయనా, ఎటువోతున్నవ్? తొవ్వ లేదు. కూసో, తిను."

ఈ 'నువ్వు' గురించి ఒక మాట చెప్పాలి. మా వైపు అరవై దాటినవాణ్ణి ముక్కూ మొహం తెలియనివాళ్లు 'నువ్వు' అంటే పెద్ద తగాదా అవుతుంది. ఇక్కడ కలెక్టర్నయినా 'నువ్వు' అనే అంటారట. నేను మొహం గంటు పెట్టుకుని, "నేను అత్యవసరమైన పని మీద వెళ్తున్నానండీ, దయచేసి దారి ఇవ్వండి" అన్నాను. ఒక్కసారిగా గరిటెలు ఆగాయి. నా 'అండీ' నా జిల్లా చెప్పేసింది.

ఆవిడ పక్కావిడతో నెమ్మదిగా అంది: "ఆంధ్రాయన్నే. ఇంకో రెండు గంటెలు ఎక్కువెయ్యి. మల్ల మనం వెట్టలేదంటరు."

రెండు గరిటెలు ఎక్కువే వేశారు. పప్పు, అన్నం, పచ్చిపులుసు. పచ్చిపులుసంటే చింతపండు రసంలో పచ్చి ఉల్లిపాయలు, కాల్చిన మిరపకాయ నలిపి వేస్తారు. పొయ్యి మీద పెట్టరు. మా ఇంట్లో అయితే చారు కాచడం మర్చిపోయారని గొడవ చేసేవాణ్ణి. అక్కడ రెండుసార్లు పోయించుకున్నాను.

చేతులు కడుక్కునేటప్పుడు కళ్లజోడు తీసి కింద పరిచిన పట్టా మీద పెట్టాను. పప్పు బకెట్టు మోస్తున్న ఒక మనిషి దాని మీద కాలు వేశాడు. అద్దాలు రెండూ పోయాయి. మొత్తం లోకం నీళ్లలో తడిసిన కాగితంలా అయిపోయింది. నేను పెట్టిన కేకలకి అతను బకెట్టు దించి, విరిగిన జోడు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ప్లస్ మూడు. రెండో కన్నుకు జరంత ఎక్కువ," అన్నాడు.

"నీకెలా తెలుసు?"

"కండ్లద్దాల దుకాణం నాదే. గదే, గా మూలకు."

"అయితే వెంటనే తీసి కొత్తవి ఇవ్వు. తొక్కింది నువ్వే కదా."

"తొక్కింది నేనే. గని షట్టర్ దియ్యరాదు. సమ్మె గదా. కమిటీల నేనే సంతకం పెట్టిన," అన్నాడు, సిగ్గుపడుతూ. "సమ్మె అయినంక రా తాతా. ఫ్రీగ చేసిస్త. ఇప్పుడైతె ఇంత పెరుగు వేసుకో."

నర్సయ్య యాది

నా రోజుల్లో ఆఫీసు బంట్రోతు నర్సయ్య. పోటీలప్పుడు గుంటలో కూర్చుని గురికాగితాలు దించి మార్కులు చెప్పేది అతనే. కోట పక్క గల్లీలో ఉన్నాడు. నేను అతన్ని పోల్చలేదు, ఎందుకంటే నాకు మనిషి మొహం ఉన్నచోట గోధుమరంగు మచ్చ ఒకటే కనబడుతోంది. అతను నన్ను పోల్చాడు.

"సారూ, నువ్వేనా? టైపు కొట్టే సారు?"

"నేనే నర్సయ్యా. పోటీ రోజు గుర్తుందా?"

"ఎందుకు యాదికి లేదు? గుంటల కూసున్నోన్ని నేను. నీ తూటలు కాయితం మీద సుట్టాలింటికి పోయినట్టు తలో దిక్కు వోయినయ్. రాజమల్లువి ఒక్క తాన కూసున్నయ్."

"ఆ బిళ్ల వల్ల."

"బిళ్ల పెట్టుకుంటె నీవి గూడ గట్లనే కూసుంటుండెనా?"

ఈ ప్రశ్నకి జవాబు నా మూడో అధ్యాయంలో ఉంది, ఇరవై పేజీలు. చెప్పబోయాను. అతను వినకుండా, "రాజమల్లు బతికే ఉన్నడు. సిరిసిల్లల్నే. పొయ్యేటప్పుడు కోరుట్లల ఖాజా మియ్యను గూడ కలువు. గా బిళ్లను తుపాకికి అతికింది గాయన్నే," అన్నాడు. ఇది నాకు కొత్త సంగతి. ఒక సాక్షి దొరికినట్టే. రాత్రికి జొన్నరొట్టె పెట్టాడు. మా వైపు రొట్టె పేరు వింటే జ్వరం వచ్చిందా అని అడుగుతారు.

కోరుట్ల: సగం షట్టరు

మర్నాడు పొద్దున్నే షేరు ఆటో. ముగ్గురు పట్టే ఆటోలో పదకొండుమంది. సమ్మె కాబట్టి మనిషికి యాభై. దారిపొడవునా తంగేడు పూలు పసుపుపచ్చగా అలికినట్టు కనబడ్డాయి. పూలని తర్వాత చెప్పారు, నేను ఎవరో గోడలకి రంగు వేశారనుకున్నాను. బతుకమ్మకి కోస్తున్నారట. మా వైపు దసరాకి బొమ్మల కొలువు పెట్టి చూడ్డానికి పిలుస్తారు. ఇక్కడ పూలని పేర్చి, చుట్టూ తిరిగి, చివరికి నీళ్లలో వదిలేస్తారు.

ఖాజా మియ్య గడియారాలు బాగుచేస్తాడు. దుకాణం షట్టరు సరిగ్గా సగానికి దించి ఉంది. వంగి లోపలికి దూరాను.

"ఇదేం సమ్మె, ఖాజా గారూ?"

"పై సగం సమ్మె సాబ్. కింది సగం కడుపు," అన్నాడు. వయసు డెబ్బై అయిదు దాటి ఉంటుంది. చాయ్ తెప్పించి సాసర్లో పోసి ఇచ్చాడు. మా ఇంట్లో సాసర్లో తాగితే మా ఆవిడ మొహం తిప్పుకుంటుంది. ఇక్కడ కప్పుతో తాగితేనే మొహమాటపడుతున్నాడనుకుంటారు.

బిళ్ల ఇచ్చాను. కంటికి భూతద్దం బిగించుకుని చాలాసేపు చూశాడు.

"ఈ అతుకు మరక నాదే. సన్నటి పిలగాడు అచ్చిండు. గట్టిగ అతకకు చాచా, సాయంత్రం వరకు ఊడిరావాలె అన్నడు. కచ్చా టాకా వేసిన."

నేను వెంటనే పెన్ను తీసి నోటుబుక్కులో రాసుకున్నాను. అక్షరాలు నాకే కనబడలేదు, అయినా రాశాను. సాయంత్రానికి ఊడిరావాలంటే అర్థం ఏమిటి? సాక్ష్యం మాయం చేయాలనే కదా. నా సిద్ధాంతానికి ఇంతకంటే బలం ఏం కావాలి.

"కాని సాబ్, ఇది బందూకుది కాదు," అన్నాడు ఖాజా మియ్య.

"ఎందుకు కాదు?"

"నడిమి సురాక్ సూడు. అంచు అరిగింది. దీంట్లకెల్లి ఏదో నడ్సింది, ఏండ్లకు ఏండ్లు. లోహం అయితే గీతలు పడ్తయ్. గా నడ్సింది మెత్తటి వస్తువు. మెత్తటిదే ఇట్ల నున్నగ అరగదీస్తది."

"అందులోంచి వెలుగు తప్ప ఇంకేమీ వెళ్లదు ఖాజా గారూ. వెలుగు ఇత్తడిని అరగదీస్తుందా?"

అతను భూతద్దం తీసి జేబులో పెట్టుకున్నాడు. "మరి వెలుగే అరగదీసిందేమో. సదువుకున్నోనివి నువ్వు. నేను గడియారాలోన్ని."

ఇంత అనుభవం ఉన్న మనిషి ఇంత తేలిగ్గా మాట్లాడటం నాకు కష్టంగా తోచింది. కళ్లజోళ్ల దుకాణం గురించి అడిగాను. ఊళ్లో రెండున్నాయట. రెండూ పూర్తి షట్టర్లే.

కథలాపూర్: ఈతవనంలో ఉపన్యాసం

కోరుట్ల నుంచి సిరిసిల్లకి నేరుగా ఏదీ లేదు. కథలాపూర్ దాకా ఒక కల్లుగీత కార్మికుడు, పేరు లచ్చన్న, తన మోపెడ్ మీద ఎక్కించుకున్నాడు. వెనక రెండువైపులా ఖాళీ ప్లాస్టిక్ డబ్బాలు. వాటి మధ్య నేను. నేనేం పని మీద తిరుగుతున్నానో అడిగాడు. ఇంతవరకూ నన్ను ఆ మాట అడిగినవాడు ఒక్కడూ లేడు. చెప్పాను.

మొదటి కన్నాన్ని వెనకటి కాలంలో విల్లుని కొయ్యకి బిగించి మీట నొక్కి వదిలేవాళ్లు పెట్టుకున్నారనీ, ఇనపరేకుకి తొలిచేవాళ్లనీ చెప్పాను. తర్వాత తుపాకులొచ్చాక దాన్ని చాలాకాలం మర్చిపోయారు. పోయిన శతాబ్దానికి ముందు శతాబ్దంలో వెయ్యి గజాల పోటీలు మొదలయ్యాక మళ్లీ కావాల్సివచ్చింది. నిలువుపట్టీ మీద కన్నాన్ని సన్న మరతో పైకీ కిందకీ జరిపేవాళ్లు. కొందరు వెల్లకిలా పడుకుని, తుపాకి వెనక మడమ మీద బిళ్ల పెట్టుకుని కాల్చేవాళ్లు.

"ఎల్లెలకల పండుకోనా?" అన్నాడు లచ్చన్న. అప్పటిదాకా అతను నమ్మినట్టే ఉన్నాడు.

తర్వాత మరకి టిక్కు టిక్కుమని చప్పుడు పెట్టారు, చూడకుండానే లెక్కపెట్టుకోవచ్చు. గొట్టం చివర పుల్ల తీసేసి ఉంగరం పెట్టారు. నల్లచుక్క ఉంగరంలో, ఉంగరం కన్నంలో, అన్నీ గుండ్రాలే. ఆ తర్వాత కెమెరాలోలా చిన్నదీ పెద్దదీ అయ్యే కన్నం, ఎండకి రంగుటద్దాలు. "ప్రతి మెట్టు దగ్గరా ఓడిపోయినవాడెవడో ఒకడు, ఇది మోసం, మా కన్ను మంచిదే అని అర్జీ పెట్టుకునే ఉంటాడు లచ్చన్నా. అలాంటి ఏడుపుగొట్టు మనుషుల గురించి అయిదో అధ్యాయంలో గట్టిగా రాశాను," అన్నాను.

"మంచిగ రాసినవ్. గసుంటోల్లు మా తాన గూడ ఉంటరు."

కథలాపూర్ బయట ఈతచెట్ల కింద ఆపి, ఆకుదొప్పలో కల్లు పోశాడు. నేను తాగను. కళ్లకి మంచిదని అతను అన్నాడు కాబట్టి మూడు దొప్పలు పుచ్చుకున్నాను.

"అసలు గింత బొక్కల కెల్లి సూస్తె ఎక్కువ కనవడుడేంది? తక్కువ కనవడాలె గదా," అన్నాడు.

మంచి ప్రశ్న. వివరించాను. పెద్ద కంటిలో వెలుగు నాలుగు దిక్కుల నుంచి వచ్చి కలగాపులగం అవుతుంది. చిన్న కన్నం ఆ చెత్తనంతా ఆపి సన్నటి వెలుగునే లోపలికి వదుల్తుంది. అందుకే చూపు మందగించిన ముసలివాడికి కూడా, చత్వారం ఉన్నవాడికి కూడా, కన్నంలోంచి చూస్తే దగ్గరదీ దూరందీ స్పష్టంగా కనబడతాయి. జోడు లేకుండా. ఇది నేను నాలుగో అధ్యాయంలో బొమ్మలు గీసి నిరూపించాను.

ఇంత చెప్పి లేచి, అక్కడ ఆగి ఉన్న వ్యాను ముందు బోర్డు ఏమని రాసుందో చదవబోయాను. మసక. లచ్చన్నకి అక్షరాలు రావు. ధైర్యం చేసి ఎక్కేశాను. కల్లు మహిమ వల్ల నిద్రపట్టింది. లేచేసరికి వేములవాడా దాటి, సిరిసిల్లా దాటి, ఎల్లారెడ్డిపేటలో మొక్కజొన్న కంకుల కుప్ప పక్కన ఉన్నాను. వెనక్కి రావడానికి ఇంకో ముప్ఫై రూపాయలు, ఇంకో రాత్రి.

సిరిసిల్ల: బందూకు రాజమల్లు

సిరిసిల్లని కళ్లతో చూడనక్కర్లేదు. మరమగ్గాలని ఇక్కడ సాంచెలంటారు. ఇంటింటికీ సాంచెలు. కరెంటు ఉన్నంతసేపూ ఊరంతా ఒకటే చప్పుడు. కరెంటు పోగానే ఊరికి చెవుడు వచ్చినట్టు ఉంటుంది. నేను దిగేసరికి కోత. నిశ్శబ్దంగా ఉన్న వీధిలో రాజమల్లు ఇల్లు ఎక్కడని అడిగాను.

"ఏ రాజమల్లు? మా గల్లీల్నే ఏడుగురున్నరు."

"వెనకటికి తుపాకి కాల్చేవాడు."

"బందూకు రాజమల్లా? గట్ల చెప్పు మరి."

అరుగు మీద ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. ముందు ఒక చట్రం. దానికి నిలువుగా వందల తీగలు. ఒక్కో తీగ నడుమ ఒక కన్ను ఉంటుంది. కొత్త పడుగు ఎక్కించేటప్పుడు ఒక్కో దారాన్ని ఒక్కో కంటిలోంచి లాగాలి. దీన్ని వైపని అంటారు. అతని చెయ్యి వడ్లు ఏరుతున్న పిట్టలా కదులుతోంది. మెడలో దారానికి ఏదో మెరుస్తూ వేలాడుతోంది. నాకు అంతవరకే కనబడింది. అతని భార్య రాజవ్వ పక్కన బీడీలు చుడుతోంది.

నేనెవరో చెప్పాను. అతను చెయ్యి ఆపలేదు.

"కప్పు సారు," అన్నాడు భార్యతో.

"గీయన్నేనా?" అని ఆమె తల నా వైపు తిప్పింది. "కూసో సారూ. నీళ్లు తాగుతవా? మా నీళ్లే, భయపడకు."

కాగితం తీసి ఇచ్చాను. నా వయసుని, వచ్చిన దూరాన్ని, చరిత్ర పట్ల బాధ్యతని గుర్తుచేసి, సంతకం పెట్టమన్నాను. రాజమల్లు మెడలోని మెరిసే వస్తువుని ఎడమకంటికి ఆనించి, కాగితాన్ని ముక్కు దగ్గరికి తెచ్చుకుని, కూడబలుక్కుంటూ గట్టిగా చదివాడు.

"'నేను పోటీలో వాడిన మూడు రంధ్రముల గురిబిళ్ల విదేశీ తయారీ అనియు, దానిని రహస్యముగా సంపాదించితిననియు...' ఏ దేశం సారూ?"

"అది నువ్వే చెప్పాలి."

అతను లేచి లోపలికి వెళ్లి ఒక రేకు డబ్బా తెచ్చి, నా ఒళ్లో బోర్లించాడు. తడిమి చూశాను. ఇత్తడి బిళ్లలు. వంద ఉంటాయేమో. ప్రతిదానికీ మూడు కన్నాలు.

"మగ్గం బిళ్లలు సారూ. చీర అంచుల పోగులు నడిమి బొక్కలకెల్లి పోతయ్. మీది బొక్కకు ఒక తాడు, కింది బొక్కకు ఒక తాడు. తాడు గుంజితె బిళ్ల లేస్తది, బిళ్ల లేస్తె పోగు లేస్తది. మగ్గాలు వోయి సాంచెలచ్చినంక ఇంటింటికి అడిగి ఏరుకచ్చిన. పారేస్తుంటె మనసొప్పలే."

"పై కన్నం మిట్టమధ్యాహ్నానికి కాదా?"

"తాడుకు పొద్దేం ఎరుక సారూ."

ఖాజా మియ్య చెప్పిన మెత్తటి వస్తువు నూలుపోగు. తప్పు ఒప్పుకోవడం నాకు అలవాటు లేదు కాబట్టి, కోపంగా మాట్లాడాను.

"మరి ఆ రోజు ఈ మాట చెప్పడానికేం? సెక్రటరీ రెండుసార్లు అడిగాడు కదా."

"ఏమడిగిండు? ఇదేంది అనడగలే. ఎవల్నడిగి తెచ్చినవ్ అనడిగిండు." రాజమల్లు మళ్లీ చట్రం ముందు కూర్చున్నాడు. "మా నాయిన మగ్గంకెల్లి తెచ్చిన. నాయిన్ని అడగలే. పొద్దుగాల తీసుకపోయి సాయంత్రం కట్టేద్దామనుకున్న. అందుకే కచ్చగ అతుకుమని చెప్పిన. గా సెక్రటరీ సారుకేం జెప్పాలె? నేను దొంగనే గదా అప్పటికి."

"పోగులు ఎక్కించుకుంట ఎక్కించుకుంట సిన్నప్పుడే కనుక్కున్నడు గా బొక్కలకెల్లి సూసుడు," అంది రాజవ్వ. "గా సూపుతోని ఇల్లు దాటిండు, అంతే, బొందల వెట్టి పూడ్చిండ్రు."

"తర్వాత?"

"తర్వాతేముంది. ఒక బిళ్ల తక్కువైంది. నాయిన దారం ముడేసి దానికే కన్ను చేసిండు. గది రోజు తెగుడు, రోజు ముడేసుడు. తెగిన కాడ అంచుల గీత పడుడు. 'బందూకోడా, నీ బిళ్ల తిరిగచ్చిందా' అని సచ్చేదాక అడిగిండు. గల్లీ అంత గదే పేరు పెట్టింది."

రాజవ్వ బీడీ దారం తెంపి, నెమ్మదిగా అంది: "నీళ్లు తీస్కపోయిండ్రు, కొలువులు తీస్కపోయిండ్రు అని ఊరంత రోడ్డు మీద కూసున్నది. మగ్గం బిళ్లను గూడ ఇడిసిపెట్టలేదని వాళ్లకు తెల్వనే తెల్వదు."

వాళ్లిద్దరూ నవ్వారు. నాకు అయిదో అధ్యాయం గుర్తొచ్చింది. ఏడుపుగొట్టు మనుషులు. వాళ్ల జాబితాలో నా పేరు రాయడం మర్చిపోయానన్నమాట.

పై కన్నం

"అధ్యాయంలో ఏం రాసినవో సదువు ఇందాం," అన్నాడు రాజమల్లు.

"జోడు పగిలింది. జగిత్యాలలో. మూడు రోజుల నుంచి గుడ్డివాణ్ణే."

అతను నా వైపు వింతగా చూశాడని ఇప్పుడు అనుకుంటున్నాను. అప్పుడు నాకు కనబడలేదు. నా చొక్కా జేబులోంచి బిళ్ల తీసి, నా కంటికి ఆనించాడు. "నడిమిది పెద్దది, సదువుకు పనికి రాదు. కాల్చుటానికి గదే. మీది బొక్కలకెల్లి సూడు."

చూశాను. నోటుబుక్కులో అక్షరాలు ఒక్కొక్కటే లేచి నిలబడ్డాయి. నా దస్తూరీ, కొట్టివేతలు, సిరా మరక, అన్నీ.

మూడు రోజులు. ఆ బిళ్లని గుండె మీద మోసుకుంటూ మూడు రోజులు. వ్యాను బోర్డు ముందు, కోరుట్ల షట్టర్ల ముందు, నర్సయ్య మొహం ముందు. ఈతచెట్ల కింద అదే సంగతిని బొమ్మలతో సహా వర్ణించి, వెంటనే లేచి తప్పు బండి ఎక్కాను. నలభై రెండేళ్లు ఆ కన్నం గురించి రాశాను. దానిలోంచి ఒక్కసారీ ఏమీ చదవలేదు. రాజమల్లు మెడలో వేలాడేది కూడా అలాంటి బిళ్లే. పదేళ్ల నుంచి అతని జోడు అదేనట.

ముప్ఫై ఎనిమిది పేజీలూ చదివి వినిపించాను. మధ్యలో రాజవ్వ రెండుసార్లు నవ్వు ఆపుకోలేక లోపలికి వెళ్లింది. చదవడం అయ్యాక, ఆ బిళ్లనే కంటికి ఆనించుకుని, పేజీలన్నీ ఒకదాని తర్వాత ఒకటి అడ్డంగా కొట్టేశాను. ఒక్క వాక్యం ఉంచాను: 'పై కన్నం మిట్టమధ్యాహ్నానికి పనికివస్తుంది.' అప్పుడు సమయం సరిగ్గా పన్నెండు.

"కప్పు పంపిస్తాను," అన్నాను. ప్రస్తుతం అందులో మా ఆవిడ అగరొత్తులు పెడుతోందని కూడా చెప్పాను. దాచడం ఇక ఎందుకు.

"కప్పు నాకెందుకు? అగరొత్తులు ఉండనియ్. గా బిళ్ల ఇచ్చిపో."

ఇచ్చాను. అది లేకపోతే నా పుస్తకానికి బొమ్మ లేదు, నాకు దారి లేదు. అయినా ఇచ్చాను. అతను స్టూలెక్కి, దూలానికి వేలాడదీసిన పాత మగ్గం సామాను దించి, నా చేత తడిమించాడు. దుమ్ము పట్టిన తాళ్లు, వరసగా ఇత్తడి బిళ్లలు. ఒక్కచోట బిళ్ల లేదు. బిరుసెక్కిన దారపు ముడి ఉంది. ఆ ముడిని పళ్లతో విప్పి, పై కన్నానికి ఒక తాడు, కింది కన్నానికి ఒక తాడు కట్టాడు. కట్టి, మళ్లీ దూలానికి ఎక్కించి, ఒకసారి తాడు లాగి చూశాడు. బిళ్ల లేచింది.

నేను లేచి గోడ తడుముకుంటూ మెట్టు దిగుతుంటే వెనక నుంచి పిలిచాడు. డబ్బాలోంచి ఇంకో బిళ్ల తీసి, దారం కట్టి, నా మెడలో వేశాడు.

"తొవ్వల ఎవలన్న ఎవల్నడిగి తెచ్చినవ్ అంటె నా పేరు జెప్పు."

ఇంటికి

వచ్చేదారిలో ప్రతి బోర్డూ చదివాను. అవసరం లేనివి కూడా. పాలవ్యాను డ్రైవరు నాకు పిచ్చి అనుకున్నాడు. జగిత్యాల కళ్లద్దాలాయన దగ్గరికి కొత్త జోడు కోసం మళ్లీ వెళ్లలేదు, నాకు తొందరలేదు. ప్రెస్సాయనకి అచ్చు ఆపమని చెప్పాను. ఏడో అధ్యాయం మళ్లీ రాస్తున్నాను. ఈసారి నాలుగు పేజీలే వస్తోంది. అందులో అర్జీ పెట్టినవాడి పేరు, ఊరు, టైపు చేసిన కాపీల సంఖ్యతో సహా ఉన్నాయి.

గుమ్మంలో కాలు పెట్టగానే మా ఆవిడ నా మెడ వైపు చూసింది.

"ఇదేమిటండీ ఇత్తడి ముక్క? ఎవర్నడిగి తెచ్చారు?"

రాజమల్లు పేరు చెప్పాను.